జాకీ రాబిన్సన్

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట కలదు. మన దేశమున క్రికెట్టునకు ఎట్టి ఆదరణ కలదో, ఆ దేశమున ఈ ఆటకు చిరకాలముగా అట్టి ఆదరణ కలదు. వసంతము వచ్చినదనగా చిన్న పల్లె మొదలు మహానగరము వరకు పిల్లలును పెద్దలును ఈ ఆటను గూర్చియే మాటాడుకొందురు. ఒక్కొక్క జట్టున 9 మంది ఆటగాండ్రుందురు. మైదానమున చతురస్రాకారముగా నాలుగు స్థానములు గుర్తింపబడి యుండును. వానిని బేసులందురు. ఒక బేసునకును తరువాతి బేసునకును నడుమ దూరము 90 అడుగులు. పిచ్చరనువాడు బంతిని విసరును. ఎదుటి జట్టువాడు దానిని బ్యాటుతో కొట్టి, మూడు బేసులను వరుసగా తాకి, బయలుదేరిన చోటికే మరలి వచ్చినచో అది యొక పరుగు. ముగ్గురు అవుటైనంతనే ఆ జట్టు వంతు తీరిపోవును. ఇట్లు ఒక్కొక్క జట్టునకు తొమ్మిది వంతులు.

ఈ ఆటలో ఒక చమత్కారము కలదు. ఒక బేసుమీద నిలిచినవాడు, ఎవరును బంతిని కొట్టకుండగనే, పిచ్చరు కన్నుగప్పి తరువాతి బేసునకు పరుగెత్తవచ్చును. దీనిని బేసును దొంగిలించుట యందురు. బంతి తనకంటె ముందు చేరెనా, అవుటగును. చెడుగుడు ఆడిన పిల్లలకు ఇందలి రుచి వేరుగ చెప్పనక్కరలేదు. గీత దాటి పోయి, పదిమంది చేతులు తప్పించుకొని, మరల గీత చేరువాని గుండె ఎట్లు కొట్టుకొనునో వారెరుగుదురు. ఈ విద్యయందు ఆరితేరిన యొక నల్లజాతి యువకుని చరిత్రమును ఇచ్చట చెప్పబోవుచున్నాను. అతని పేరు జాకీ రాబిన్సన్.

1884వ సంవత్సరమున మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అను నల్లజాతివాడు టొలీడో నగరపు జట్టులో, ఆనాటి పెద్ద పోటీలయందు ఆడెను. ఆ తరువాత అరువది సంవత్సరములకు పైగా ఒక్క నల్లజాతివానికైనను పెద్ద జట్లలో చోటు దొరకలేదు. నల్లవారిని చేర్చుకొనరాదని ఏ గ్రంథమునందును వ్రాసియుండలేదు. వ్రాయని శాసనమగుటచేతనే దానిని కొట్టివేయుట కష్టమయ్యెను. నల్లజాతివారు తమకు తామే జట్లను కూర్చుకొని, నీగ్రో లీగులను పేర వేరుగ పోటీలు నడుపుకొనుచుండిరి. అందు మహావీరులవంటి ఆటగాండ్రుండిరి. వారు బస్సులలో రాత్రులు ప్రయాణము చేసి, హోటళ్ళలో చోటీయనందున ఆ బస్సులలోనే నిదురించి, పగలు ఆడుచుండిరి.

జాకీ 1919వ సంవత్సరము జనవరి 31వ తేదీన, దక్షిణ రాష్ట్రమగు జార్జియాలో కైరో అను ఊరి చెంత జన్మించెను. తలిదండ్రులు పరుల భూమిని పాలికి దున్నుకొను పేదలు. ఆ నెలలోనే దివంగతుడైన పూర్వ రాష్ట్రపతి థియోడర్ రూజ్‌వెల్టు పేరిట బిడ్డకు జాక్ రూజ్‌వెల్ట్ రాబిన్సన్ అని నామకరణము చేసిరి. అయిదుగురు సంతానములో అతడే కడగొట్టువాడు. అతనికి ఊహ తెలియకమునుపే తండ్రి ఇల్లు విడిచి పోయెను. తల్లి మాలీ ధైర్యశాలిని. ఆమె 1920వ సంవత్సరమున అయిదుగురు బిడ్డలను వెంటబెట్టుకొని రైలెక్కి, దేశమునకు ఆవలి కొననున్న కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణము చేరెను. అచ్చట ఇండ్లలో బట్టలుతికి, వంటచేసి, గచ్చు కడిగి పిల్లలను పెంచెను. ఇరుగుపొరుగువారు తెల్లవారు. వారిని ఆ వీధినుండి పంపివేయుటకు పొరుగువారు కొంత ప్రయత్నించిరి గాని మాలీ కదలలేదు.

జాకీ అన్నలలో మ్యాక్ అనువాడు గొప్ప పరుగుగాడు. 1936వ సంవత్సరమున బెర్లినులో జరిగిన ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల పరుగుపందెమున, జగత్ప్రసిద్ధుడగు జెస్సీ ఓవెన్స్ వెనుక రెండవవాడుగా నిలిచి వెండి పతకము గెలిచెను. ఇంటికి వచ్చిన తరువాత అతనికి దొరకిన ఉద్యోగము పాసడీనా వీధులు ఊడ్చుట. ఒలింపిక్ చొక్కా తొడుగుకొని వీధులూడ్చు అన్నను తమ్ముడు చూచెను. ఈ దృశ్యము అతని మనసున నాటుకొన్నదని వేరుగ చెప్పవలెనా?

జాకీ చదువులో సామాన్యుడు, ఆటలో అసామాన్యుడు. లాస్ ఏంజిలీసులోని విశ్వవిద్యాలయమున బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, పరుగుపందెములు అను నాల్గింటియందును విశ్వవిద్యాలయ గౌరవము పొందిన మొదటి విద్యార్థి యతడే. వింతయేమనగా ఆ నాల్గింటిలో అతడు తక్కువగా రాణించినది బేస్‌బాల్ నందే. అచ్చటనే రేచెల్ అను విద్యార్థినితో పరిచయమయ్యెను. ఆమె తరువాత అతని భార్యయయ్యెను. పట్టము పుచ్చుకొనకుండగనే 1941వ సంవత్సరమున అతడు చదువు మానెను.

యుద్ధకాలమున సైన్యమున చేరి, 1943వ సంవత్సరమున సెకండు లెఫ్టినెంటయ్యెను. టెక్సాసు రాష్ట్రమున ఒక సైనిక శిబిరమున నుండగా, 1944వ సంవత్సరము జూలై 6వ తేదీన, బస్సు నడుపువాడు అతనిని వెనుక భాగమునకు పొమ్మని ఆజ్ఞాపించెను. శిబిరపు బస్సులలో అట్టి భేదము పాటింపరాదని సైన్యము ఉత్తరువు చేసియుండెను. ఆ సంగతి జాకీకి తెలియును. అతడు కదలలేదు. మాటకు మాట పెరిగెను. పై అధికారులయెడ అవిధేయత చూపెనని అతనిపై నేరము మోపి సైనిక న్యాయస్థానము ముందు నిలబెట్టిరి. ఆగస్టు నెలలో విచారణ జరిగెను. న్యాయస్థానము అతడు నిర్దోషియని తీర్పు చెప్పెను. విద్యార్థులు ఈ వృత్తాంతమును జ్ఞాపకముంచుకొనవలెను. ముందు రాబోవు కథలో జాకీ మూడు సంవత్సరములు నోరు మెదపక యుండుట చూతురు. అతడు పిరికివాడగుటచే నట్లుండెనని ఎవరును భ్రమపడరాదు.

సైన్యము విడిచిన పిదప 1945వ సంవత్సరమున నీగ్రో లీగులోని కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టులో చేరెను. అతని ఆటను చూచినవారిలో వెండెల్ స్మిత్ అను నల్లజాతి పత్రికా రచయిత యొకడు. అతడు జాకీ పేరును బ్రాంచ్ రికీ చెవిన వేసెను.

ఈ బ్రాంచ్ రికీ న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ భాగమునకు చెందిన డాడ్జర్స్ జట్టునకు అధిపతి. దట్టమైన కనుబొమలు, చేత చుట్ట, నోట దైవచింతన కలవాడు. ఆదివారమున మైదానమున అడుగిడనివాడు. అతడు వయసున ఉన్నపుడు ఒక కళాశాల జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టుతో ఒక ఊరికి పోగా, అచ్చటి హోటలువారు చార్లెస్ థామస్ అను నల్లజాతి విద్యార్థికి గది యీయమనిరి. రికీ బ్రతిమాలి తన గదిలోనే అతనికి చోటు చేసెను. ఆ రాత్రి ఆ బాలుడు తన చేతుల చర్మమును ఊడబెరుకవలెనన్నట్లు రుద్దుకొనుచు ఏడ్చెనట. ఆ యేడుపు నలువది సంవత్సరములు తన చెవులలో వినబడెనని రికీ చెప్పుచుండెడివాడు. ఇది నిజమే కావచ్చును. అతడు గట్టి వ్యాపారి యనుటయు నిజమే. నల్లజాతివారిలో మంచి ఆటగాండ్రున్నారు, వారిని ముందుగా తెచ్చుకొన్నవాడు గెలుచును, ప్రేక్షకులు పెరుగుదురు అని అతడు లెక్కవేసెను. జాకీని తీసికొన్నందులకు మోనార్క్స్ జట్టువారికి దమ్మిడీయైన ఈయలేదు. ఒకే మనుష్యునియందు ధర్మబుద్ధియు లాభబుద్ధియు కలిసియుండుట లోకమున కొత్త కాదు.

1945వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన రికీ జాకీని తన కార్యాలయమునకు పిలిపించెను. మాటలు మూడు గంటలసేపు సాగెను. రికీ కుర్చీనుండి లేచి నాటకము ప్రారంభించెను. గదులీయని హోటలు గుమాస్తాగా, అన్నము పెట్టని భోజనశాల యజమానిగా, కావలెనని కాలు తొక్కు ఎదుటి జట్టువాడుగా వేషములు మార్చుచు, ఘోరమైన తిట్లు తిట్టుచు, అతని ముఖముమీదికి వచ్చి పిడికిలి విసరెను. ఇట్లు జరిగినపుడు నీవేమి చేయుదువని అడిగెను. తిరిగి కొట్టుటకు భయపడువాడు తనకు కావలెనా యని జాకీ ప్రశ్నించెను. తిరిగి కొట్టకుండ నిలువగల ధైర్యము కలవాడే కావలెనని రికీ బదులు చెప్పెను. ఒక్కసారి జాకీ చేయెత్తెనా, నల్లవారితో ఆడుట అసాధ్యమని వాదించువారికి అదియే సాక్ష్యమగును. మరి యిరువది యేండ్లు ఎవరికిని అవకాశము రాదు. జాకీ ఆలోచించి మాట ఇచ్చెను. నెలకు 600 డాలర్ల జీతముపై ఒడంబడిక జరిగెను.

మొదట అతనిని డాడ్జర్లకు అనుబంధమగు మాంట్రియల్ రాయల్స్ జట్టునకు పంపిరి. 1946వ సంవత్సరము ఫిబ్రవరిలో రేచెలుతో వివాహమయ్యెను. వెంటనే నూతన దంపతులు శిక్షణకై ఫ్లారిడా రాష్ట్రమునకు ప్రయాణమైరి. నల్లవాడు తెల్లవారితో ఆడరాదని శాన్‌ఫర్డ్ అను ఊరివారు బెదిరించినందున అచ్చటినుండి వారు వెడలిపోవలసి వచ్చెను. కొన్ని ఊళ్ళలో మైదానములకు తాళములు వేసిరి. ఏప్రిలు 18వ తేదీన జెర్సీ సిటీలో మొదటి ఆట జరిగెను. ఆ దినమున జాకీ అయిదు పర్యాయములు బ్యాటు పట్టి నాలుగు మారులు బంతిని గెలుపు దెబ్బ కొట్టెను. అందొకటి మైదానమునకు ఆవల పడెను. రెండు బేసులు దొంగిలించెను. మాంట్రియల్ జట్టు 14 పరుగులు చేయగా ఎదుటివారు చేసినది ఒకటి. ఆ సంవత్సరమున ఆ లీగునంతటిలో మొదటి బ్యాట్స్‌మనుడు జాకీయే. మాంట్రియల్ జట్టు కడపటి పోటీయందును గెలిచెను. ఆట ముగియగనే కెనడా జనులు అతనిని భుజములపై మోసి, వీధులవెంట తరిమి తరిమి ఆలింగనము చేసికొనిరి. నల్లవాని వెంట తెల్లవారి గుంపు పడుట అమెరికాలో అపూర్వము కాదు; ప్రేమతో పడుట అపూర్వము.

ఇక 1947వ సంవత్సరము. మన దేశము స్వతంత్రమైన సంవత్సరమే అది. జాకీ డాడ్జర్స్ జట్టునకు వచ్చుచున్నాడని తెలియగనే ఆ జట్టులోని కొందరు దక్షిణాదివారు అతనితో ఆడమని ఒక మహజరు సిద్ధపరచిరి. డిక్సీ వాకర్ అను ప్రసిద్ధ ఆటగాడు తనను వేరొక జట్టునకు పంపుమని కోరెను. మేనేజరు లియో డురోషర్ అర్ధరాత్రి అందరిని నిదురలేపి, జట్టును నడుపువాడను నేను, ఆడువాని రంగుతో నాకు పనిలేదు, ఇష్టము లేనివారు పోవచ్చునని తెగవేసి చెప్పెను. ఆ మహజరుపై సంతకము చేయనివారిలో పీ వీ రీస్ ముఖ్యుడు. అతడు కెంటకీ రాష్ట్రమువాడు. జాకీ మోనార్క్స్ జట్టులో ఆడిన స్థానమునందే రీసును ఆడుచుండెను. కావున తన స్థానమే పోవునేమో యను భయము అందరికంటె ఎక్కువగా ఉండదగినవాడు రీసే. ఐనను అతడు సంతకము చేయలేదు.

పోటీలు ఆరంభము కాకముందే డురోషర్ వేరు కారణములచే ఆ సంవత్సరమంతయు ఆటనుండి బహిష్కరింపబడెను. తరువాత బర్ట్ షాటన్ అను వృద్ధుడు మేనేజరుగా వచ్చెను. అతడు ఆటగాని దుస్తులు ధరింపక ఇంటనుండు దుస్తులతోనే కూర్చుండి జట్టును నడిపెను.

ఏప్రిలు 15వ తేదీన బ్రూక్లినులోని ఎబ్బెట్స్ ఫీల్డు మైదానమునకు పాతిక వేలకు పైగా జనులు వచ్చిరి. అందు సగమునకు మించి నల్లజాతివారేయని అంచనా. 28 ఏండ్ల జాకీ, వీపున 42 సంఖ్య గల చొక్కా తొడిగి మైదానమున అడుగిడెను. తనకు అలవాటు లేని మొదటి బేసు కాపరిగా అతనిని నిలిపిరి. ఆనాడు అతడు గొప్పగా ఏమియు ఆడలేదు. ఒక్క మంచి దెబ్బయు తగులలేదు. ఏడవ వంతున అతడు కొట్టిన బంతిని ఎదుటివారు తప్పుగా విసరినందున బేసు చేరి, తరువాతివాని దెబ్బతో పరుగు పూర్తిచేసెను. డాడ్జర్స్ బోస్టన్ జట్టును 5-3 తేడాతో గెలిచిరి. పసిబిడ్డతో రేచెలు ఆ చలిలో కూర్చుండి చూచెను. అప్పటికి వారికి ఇల్లు లేదు. హోటలు గదిలో కాపురము. బిడ్డ గుడ్డలు ఉతికి అచ్చటనే ఆరవేసికొనవలెను.

తరువాత వారము ఫిలడెల్ఫియా జట్టువారు బ్రూక్లిను వచ్చిరి. వారి మేనేజరు బెన్ చాప్‌మన్. ఏప్రిలు 22వ తేదీన జాకీ బ్యాటు పట్టి నిలువగనే ఆ మేనేజరును అతని ఆటగాండ్రును కూర్చున్నచోటినుండి తిట్లు లంకించుకొనిరి. పత్తి చేలకు పొమ్మనిరి. జాతిని తిట్టిరి, ఇంటివారిని తిట్టిరి. అవి యిచ్చట వ్రాయదగినవి కావు. ఆ దినమున తన వ్రతము భంగమగుటకు వెండ్రుకవాసి మాత్రమే మిగిలెనని జాకీ తన ఆత్మకథలో వ్రాసికొనెను. బ్యాటును అవతల పారవైచి, ఆ గుంపు మీదికి పోయి, ఒకని పళ్ళూడగొట్టి, ఈ ఆటకే నమస్కారము పెట్టి ఇంటికి పోవలెనని అతనికి తోచెనట. ఏమి చేసెను? ఎనిమిదవ వంతున బంతిని కొట్టి మొదటి బేసు చేరెను. రెండవదానిని దొంగిలించెను. వారు తొందరపాటుతో విసరిన బంతి దారితప్పగా మూడవదానికి పోయెను. తరువాతివాడు బంతి కొట్టగా ఇల్లు చేరెను. ఆ దినమున ఇరు జట్లకు కలిపి వచ్చినది ఆ యొక్క పరుగే. డాడ్జర్స్ 1-0 తో గెలిచిరి.

తిట్లు మరునాడును ఆగలేదు. అప్పుడు డాడ్జర్లలో ఎడ్డీ స్టాంకీ అనువాడు లేచి, తిరిగి మాటాడలేనివానిని తిట్టు పిరికిపందలని ఎదుటివారిపై కేకలు వేసెను. ఈ స్టాంకీ అంతకుముందు జాకీ రాకను మెచ్చుకొన్నవాడు కాడు. జట్టును ఒక్కటిగా చేయుటలో చాప్‌మను చేసిన మేలు మరెవరును చేయలేదని రికీ తరువాత నవ్వుచు చెప్పెను.

ఆ దినములలో జాకీ బ్యాటును నీరసించెను. వరుసగా 20 పర్యాయములు నిలిచియు ఒక్క దెబ్బయైన కొట్టలేకపోయెను. అతనిని తీసివేయుదురని అందరు అనుకొనిరి. షాటన్ తీసివేయలేదు. చంపుదుమని, బిడ్డను ఎత్తుకొనిపోవుదుమని ఉత్తరములు వచ్చుచుండెను. ఫిలడెల్ఫియా పోయినపుడు హోటలువారు జట్టునకే గదులీయమనిరి. సెయింట్ లూయీ నగరపు కార్డినల్స్ జట్టువారు జాకీతో ఆడక సమ్మె చేయనున్నారని మే నెలలో ఒక పత్రిక ప్రకటించెను. అట్లు చేసినవారిని ఆటనుండి వెలివేయుదునని లీగు అధ్యక్షుడు ఫోర్డ్ ఫ్రిక్ హెచ్చరించెను. సమ్మె జరుగలేదు.

జట్టుతోపాటు తిరుగుచు జాకీకి తోడుగా నుండిన వెండెల్ స్మిత్ పాట్లు మరియొక కథ. విలేఖరులు కూర్చుండు పందిరిలో నల్లజాతి విలేఖరులకు ప్రవేశము లేదు. ఆ మహానుభావుడు ప్రేక్షకుల నడుమ కూర్చుండి, టైపురైటరును ఒడిలో పెట్టుకొని వార్తలు వ్రాసెను.

మే, జూను మాసములలో జాకీ కోలుకొనెను. పిచ్చర్లు అతని తలకు గురిచూచి బంతులు విసరిరి. ఆ సంవత్సరమున తొమ్మిది మారులు అతని దేహమునకు బంతి తగిలెను. అతడు లేచి, దుమ్ము దులుపుకొని, మొదటి బేసునకు నడచిపోవును. అచ్చట నిలిచి రెండడుగులు ముందుకు, ఒకటి వెనుకకు వేయుచు, చేతులు చాచి వ్రేళ్ళాడించుచు పిచ్చరును ఊపిరి తీసికొననీయడు. పిచ్చరు చూపు చెదరును, బంతి దారి తప్పును. తిట్టినవారికి అతడిచ్చిన జవాబు ఇదియే. ఆగస్టు 20వ తేదీన కార్డినల్స్ జట్టులోని ఈనోస్ స్లాటర్ పరుగెత్తుచు వచ్చి, మొదటి బేసు కాచుచున్న జాకీ కాలిపై మేకులు గల తన జోడుతో త్రొక్కెను. కావలెనని చేయలేదని స్లాటర్ చెప్పెను. చూచినవారిలో పెక్కురు నమ్మలేదు. జాకీ ఏమియు అనక ఆట సాగించెను.

ఒక ఊరిలో ప్రేక్షకులు జాకీని దూషించుచుండగా, పీ వీ రీస్ తన స్థానము విడిచి మొదటి బేసు కడకు నడచిపోయి, జాకీ భుజముపై చేయివైచి నిలిచెనని చెప్పుదురు. ఇది 1947లో జరిగినదని కొందరు, మరుసటి సంవత్సరమున జరిగినదని కొందరు అందురు. ఆ యిద్దరును అట్లు నిలిచిన విగ్రహము 2005వ సంవత్సరమున బ్రూక్లినులో ప్రతిష్ఠింపబడినది.

సెప్టెంబరునాటికి డాడ్జర్స్ 94 ఆటలు గెలిచి, 60 ఓడి, కార్డినల్స్ జట్టును వెనుకకు నెట్టి లీగు విజేతలైరి. జాకీ 151 ఆటలాడి 125 పరుగులు చేసెను. 29 బేసులను దొంగిలించెను. లీగునందు అంతకు మించినవాడు లేడు. ఆ సంవత్సరపు ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదును తొలిసారిగా ఏర్పరచి అతనికే యిచ్చిరి. రికీ లెక్కయు తప్పలేదు. ఎబ్బెట్స్ ఫీల్డునకు ఆ సంవత్సరము 18 లక్షల మంది వచ్చిరి. జూలై నెలలోనే లారీ డోబీ అను మరియొక నల్లజాతి యువకుడు క్లీవ్‌లాండ్ జట్టున చేరియుండెను. తలుపు తెరువబడెను. దీనికి మరియొక ముఖము కలదు. మంచి ఆటగాండ్రందరు పెద్ద జట్లకు పోవగా నీగ్రో లీగులు క్రమముగా క్షీణించి కొన్ని యేండ్లకు మూతబడెను. అందు ముదిసిన మహావీరులలో పెక్కురకు ఈ పెద్ద పందిరిలో ఒక్క దినమైన ఆడు భాగ్యము కలుగలేదు.

కడపటి పోటీ యాంకీస్ జట్టుతో జరిగెను. టెలివిజనులో చూపబడిన మొదటి ప్రపంచ శ్రేణి అదియే. నాల్గవ ఆటలో యాంకీస్ పిచ్చరు బిల్ బెవెన్స్ తొమ్మిదవ వంతున ఇద్దరు అవుటగు వరకు డాడ్జర్లను ఒక్క దెబ్బయైన కొట్టనీయలేదు. ఒక్కడు మిగిలెను. అప్పుడు కుకీ లవజెట్టో బంతిని కుడివైపు గోడకు కొట్టగా ఇద్దరు పరుగెత్తి వచ్చిరి. ఓడవలసిన ఆటను డాడ్జర్స్ 3-2 తో గెలిచిరి. ఇంత జరిగియు ఏడవ ఆటలో యాంకీసే 5-2 తో నెగ్గి కిరీటము గొనిపోయిరి. మన కథానాయకుని జట్టు ఓడిపోయెను. చరిత్ర మన యిష్టము వచ్చినట్లు ముగియదు గదా.

తరువాతి వృత్తాంతమును క్లుప్తముగా చెప్పెదను. 1949వ సంవత్సరమున వ్రతము తీరెను. జాకీ తనకు తోచినది తోచినట్లు మాటాడసాగెను. మౌనియైనపుడు మెచ్చుకొన్న పత్రికలు కొన్ని ఇప్పుడు గర్విష్ఠి యనెను. ఆ సంవత్సరమే అతడు లీగునందు అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నుకొనబడెను. ఆ సంవత్సరమే శాసనసభ సంఘమొకటి పిలువగా పోయి, మహాగాయకుడగు పాల్ రోబ్‌సన్ అభిప్రాయములకు వ్యతిరేకముగా సాక్ష్యమిచ్చెను. వృద్ధుడైన రోబ్‌సన్ పడిన కష్టములను చూచిన పిమ్మట, మరల పిలిచినచో అట్లు పోనని జాకీ తానే వ్రాసికొనెను. 1955వ సంవత్సరమున డాడ్జర్స్ ఎట్టకేలకు యాంకీసును ఓడించిరి. మరుసటి యేడు ముగియగా జట్టువారు అతనిని వేరొక జట్టునకు అమ్మజూచిరి. అతడు ఆటనే విడిచెను. 1962వ సంవత్సరమున బేస్‌బాల్ కీర్తిమందిరమున అతని పేరు చేర్పబడెను. అతడు నల్లజాతివారి హక్కులకై ఊరేగింపులలో నడచెను, ధనము ప్రోగుచేసెను, హార్లెములో వారికొక బ్యాంకు నెలకొల్పుటకు తోడ్పడెను.

మధుమేహము అతని దేహమును క్రుంగదీసెను. 1971వ సంవత్సరమున పెద్ద కుమారుడు కారు ప్రమాదమున మరణించెను. 1972వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన సిన్సినాటి మైదానమున, అతడు పెద్ద జట్టులో చేరి ఇరువదియైదేండ్లయిన సందర్భమున సన్మానము చేసిరి. తల నెరసి, చూపు చాలవరకు పోయి, నడక తడబడుచుండెను. అతని వయస్సు 53 ఏండ్లే. కృతజ్ఞత చెప్పి ఊరకుండలేదు. మూడవ బేసు కడ మేనేజరుగా నిలిచిన నల్లని ముఖమును చూచిన దినమున ఇంకను సంతోషింతునని అందరి యెదుట చెప్పెను. తొమ్మిది దినములకే, అక్టోబరు 24వ తేదీన, కనెక్టికట్ రాష్ట్రమున తన యింట మరణించెను. అతడు కోరిన ఆ దినము 1975లో వచ్చెను. ఆ సంవత్సరము క్లీవ్‌లాండ్ జట్టునకు మేనేజరైన ఫ్రాంక్ రాబిన్సన్ నల్లజాతివాడు. పేరొకటేయైనను ఇతనికి బంధువు కాడు.

ఎబ్బెట్స్ ఫీల్డు నేడు లేదు. 1960వ సంవత్సరమున దానిని పడగొట్టి ఇండ్లు కట్టిరి. డాడ్జర్స్ జట్టు అప్పటికే లాస్ ఏంజిలీసునకు తరలిపోయెను. 1997వ సంవత్సరమున, జాకీ మొదటి ఆటకు ఏబదియేండ్లు నిండినపుడు, ఇకమీదట ఏ పెద్ద జట్టునందును ఎవరికిని 42 సంఖ్య ఈయరాదని నిశ్చయించిరి. దానికొక మినహాయింపు కలదు. ఏటేట ఏప్రిలు 15వ తేదీన ఆడు ప్రతి జట్టులోని ప్రతి ఆటగాడును, తెల్లవాడైనను నల్లవాడైనను, ఆ సంఖ్యనే ధరించును. ఆ దినమున మైదానమునకు పోయినవారు వీపుమీది అంకెను చూచి ఆటగాని పేరు చెప్పలేరు. ఎవరిని చూచినను 42.